వేళ వేరు, వ్యవధి వేరు

రేడియో గల ఇంటిలో వేళ తెలియుటకు మాటిమాటికి గడియారము వంక చూడనక్కరలేదు. ఉదయపు వార్తలు మొదలైనవనిన పిల్లలను బడికి సిద్ధము చేయవలెననియు, రాత్రి నాటకము ముగిసినదనిన దీపమార్పు వేళయైనదనియు ఇంటివారు గ్రహింతురు. శ్రోతలకు మేము తెలుపునది వేళ. కాని ఆ వేళ తప్పకుండుటకై స్టూడియోలో కూర్చుండి మేము లెక్కించునది వేళ కాదు, వ్యవధి. "ఇప్పుడెన్ని గంటలైనది?" అనునది వేళను గూర్చిన ప్రశ్న. "ఇంకెంతసేపు?" అనునది వ్యవధిని గూర్చిన ప్రశ్న. రెండును ఒకే గడియారపు ముఖముపై కనిపించుటచే ఒకటేయను భ్రమ మనకు కలుగుచున్నది. ఈ భ్రమ కంప్యూటరు లెక్కలలో ప్రవేశించినచో దాని ఫలితము ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకమైనది కూడ. అందుచే వేళను, వ్యవధిని విడదీసి లెక్కించు విధానమును గూర్చి, తిరుపతి చిత్తూరు ప్రాంతముల ఉదాహరణములతోనే కొంత ముచ్చటింతుము.

మొదట మా పనిలోని చిన్న లెక్క నొకదానిని చూతము. అరగంట సంగీత కార్యక్రమమున మూడు కీర్తనలు కలవనుకొందము. మొదటిది 4 నిమిషముల 45 సెకండ్లు, రెండవది 6 నిమిషముల 50 సెకండ్లు, మూడవది 3 నిమిషముల 40 సెకండ్లు. రూపాయలు పైసలు కూడినట్లు 4.45, 6.50, 3.40 అని వ్రాసి కూడినచో 14.35 వచ్చును. దానిని 14 నిమిషముల 35 సెకండ్లని చదివినచో లెక్క 40 సెకండ్లు తప్పినట్లే. నూరు పైసలు రూపాయి యగును గాని నూరు సెకండ్లు నిమిషము కావు గదా! సరియైన మార్గమేమనగా, అన్నిటిని ముందు సెకండ్లుగా మార్చుట. 285, 410, 220 కలిపిన 915. దీనిని 60చే భాగించిన 15 నిమిషముల 15 సెకండ్లు. అరగంటకు 1800 సెకండ్లు గనుక మిగిలినది 885 సెకండ్లు, అనగా 14 నిమిషముల 45 సెకండ్లు. వార్తలకు ముందు నలుబది సెకండ్లు ఎక్కువైనచో గాయకుని పల్లవి నడుమ త్రుంచవలసి వచ్చును.

ఈ చిన్న లెక్కలోనే మొదటి సూత్రము కలదు. వ్యవధిని ఒకే చిన్న కొలతలో, పూర్ణసంఖ్యగా దాచుకొనవలెను. గంటలు, నిమిషములు అను విభాగము మనుష్యులకు చెప్పుటకే గాని లెక్కించుటకు గాదు.

కంప్యూటరుకు పని చెప్పు ఆజ్ఞల వరుసకు కూడ ప్రోగ్రామనియే పేరు. మా ప్రోగ్రాము వలెనే దానికిని కాలనియమము కావలెను. అయితే ప్రతి ప్రోగ్రామరు కాలగణనమును మొదటినుండి తానే వ్రాసికొనుట కష్టము, ప్రమాదము కూడ. కావున అనుభవజ్ఞులు వ్రాసి, పరీక్షించి, అందరి ఉపయోగమునకై ఉంచిన ఆజ్ఞల సంపుటములు కలవు. వానిని లైబ్రరీలందురు. ఇంట రుబ్బుకొనుటకు బదులు దుకాణమున నమ్మకమైన పిండి తెచ్చుకొన్నట్లు, ప్రోగ్రామరు ఆ లైబ్రరీని తెచ్చుకొని పని జరుపుకొనును. మంచి కాలగణన లైబ్రరీ యెట్లుండవలెనన్నదే మన విషయము.

కాలమును పూర్ణసంఖ్యగా లెక్కించుట మనకు క్రొత్త గాదు. పంచాంగగణితమున అహర్గణమను మాట కలదు. కలియుగారంభము మొదలు ఎన్ని దినములు గడచినవో తెలుపు సంఖ్య యది. జూలియన్ లెక్క ప్రకారము ఆ ఆరంభదినము క్రీస్తు పూర్వము 3102 ఫిబ్రవరి 18, శుక్రవారము. మాసములు, సంవత్సరములు, అధికమాసములు అను చిక్కు లన్నియు ఆ ఒక్క సంఖ్యలో అణగిపోవును. చంద్రయాన్-3 శ్రీహరికోట నుండి బయలుదేరిన 2023 జూలై 14కు కలి అహర్గణము 18,71,674. అది చంద్రునిపై దిగిన ఆగస్టు 23కు 18,71,714. మొదటి సంఖ్యను 7చే భాగించిన శేషము సున్న, అనగా మరల శుక్రవారమే. రెండవ దానికి శేషము 5, శుక్రవారము నుండి అయిదవది బుధవారము. క్యాలెండరు తెరచి చూచిన ఆ రెండు వారములును సరిపోవును. ఒకదానినుండి ఒకటి తీసివేసిన 40 దినములు. ఇంతకంటె సుళువైన పద్ధతి యేది?

నేటి కంప్యూటర్లలో పెక్కింటి పద్ధతియు ఇదియే. వానికి కల్యాది బదులు 1970 జనవరి 1, గ్రీనిచ్ అర్ధరాత్రి ఆదిగా ఏర్పడినది. మన గడియారమున అది ఆనాటి ఉదయము 5 గంటల 30 నిమిషములు. దినములకు బదులు సెకండ్లు లెక్కించుట మాత్రమే భేదము. చంద్రయాన్-3 బయలుదేరిన మధ్యాహ్నము 2 గంటల 35 నిమిషములకు ఈ సంఖ్య 1,68,93,25,500. అది దిగిన సాయంకాలము 6 గంటల 4 నిమిషములకు 1,69,27,94,040. భేదము 34,68,540 సెకండ్లు. మనుష్యభాషలో 40 దినముల 3 గంటల 29 నిమిషములు.

ఇచ్చట రెండవ సూత్రము. వేళ నుండి వేళను తీసివేసిన వ్యవధి వచ్చును. వేళకు వ్యవధి కలిపిన వేరొక వేళ వచ్చును. వ్యవధికి వ్యవధి కలిపిన వ్యవధియే. వేళకు వేళను కలుపుట మాత్రము అర్థము లేని పని. తిరుపతికి కాళహస్తి నుండి ఎంత దూరమో చెప్పవచ్చును గాని, తిరుపతిని కాళహస్తిని కూడిన నేమి వచ్చును? మంచి లైబ్రరీలో వేళకు ఒక జాతి, వ్యవధికి ఒక జాతి యేర్పరచియుందురు. అర్థము లేని కూడిక వ్రాసినచో ప్రోగ్రాము నడువకముందే తప్పు పట్టుబడును.

2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లాలో చేరిన శ్రీహరికోటలో ఈ నియమము కండ్లకు కట్టును. చంద్రయాన్-3 కౌంట్‌డౌన్ వ్యవధి 25 గంటల 30 నిమిషములు. జూలై 13 మధ్యాహ్నము 1 గంట 5 నిమిషములకు దానిని ప్రారంభించిరి. ఆ వేళకు ఈ వ్యవధిని కలిపిన మరునాటి 2 గంటల 35 నిమిషములు. కౌంట్‌డౌన్‌లో ఋణవ్యవధికి కూడ స్థానము కలదు. 2019 జూలై 15న చంద్రయాన్-2 తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషములకు బయలుదేరవలసియుండగా, ఇంకను 56 నిమిషముల 24 సెకండ్లు ఉన్నదనగా కౌంట్‌డౌన్‌ను నిలిపివేసిరి. అనగా 1 గంట 54 నిమిషముల 36 సెకండ్లకు. జూలై 22న ఆ నౌక సుఖముగా బయలుదేరినది. ఆగినది వ్యవధి, మారినది వేళ. రెండింటిని విడిగా ఉంచినవారికే ఆ సవరణ సులభము.

ఋణవ్యవధిని చూపుటలో లైబ్రరీలకు వేరువేరు ఆచారములు కలవు. పైతాన్ అను భాషలోని లైబ్రరీ వ్యవధిని దినములు, సెకండ్లు, మైక్రోసెకండ్లుగా దాచును. అందు దినములు మాత్రమే ఋణము కావచ్చును, తక్కినవి ఎల్లప్పుడు ధనములే. కావున ఒక్క సెకండు వెనుకకు అనుటను అది "ఋణము ఒక దినము, 86,399 సెకండ్లు" అని చూపును. తెలియనివారు దానిని చూచి అదరిపడుదురు. పైసా అప్పు అనుటకు బదులు, రూపాయి అప్పు పుచ్చుకొని తొంబదితొమ్మిది పైసలు తిరిగి చేతిలో పెట్టినట్లుండును. లెక్క మాత్రము సరియే.

ఇంతవరకు దినము, గంట, సెకండు వచ్చినవి. నెల, సంవత్సరము అను మాటలతో చిక్కు మొదలగును. జూలై 14 నుండి ఆగస్టు 23 వరకు 40 దినములంటిమి. దానినే ఒక నెల తొమ్మిది దినములని కూడ అనవచ్చును, జూలైకి 31 దినములు గనుక. అదే ఒక నెల తొమ్మిది దినములు ఫిబ్రవరి 14న మొదలైనచో 37 దినములే, లీపు సంవత్సరమైనచో 38. కావున "40 దినములు" ఒక కొలత. "నెల తొమ్మిది దినములు" కొలత కాదు, క్యాలెండరుపై ఇట్లు నడువుమని చెప్పు ఆజ్ఞ. ఎచ్చట నిలిచి నడచుచున్నామో తెలియనిదే దాని పొడవు తెలియదు. జనవరి 31న నిలిచి ఒక నెల ముందునకు నడువుమనిన ఎచ్చట దిగవలెను? ఫిబ్రవరికి 31వ తేదీ లేదు గదా! జావా అను భాషకు 2014లో వచ్చిన కాలగణన లైబ్రరీ ఈ రెండింటికి రెండు పేర్లు పెట్టినది. సెకండ్ల కొలత డ్యూరేషన్, క్యాలెండరు నడక పీరియడ్. జనవరి 31 వంటి చోట నెలలోని కడపటి దినమున నిలుచుట దాని నియమము.

ఇది పండితుల వాదమని పాఠకులు త్రోసిపుచ్చరాదు. ప్రతి ఇంట మొబైల్ ఫోను రీచార్జి కలదు. నెలకొక పర్యాయమని మనమనుకొను రీచార్జి 28 దినములదైనచో, పండ్రెండు రీచార్జిలకు 336 దినములే యగును. సంవత్సరము నిండుటకు పదుమూడవది కావలెను, అప్పటికిని 364 దినములే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022లో ఇచ్చిన ఉత్తరువున ప్రతి కంపెనీయు 30 దినముల పథకమొకటి, ప్రతి నెలయు అదే తేదీకి వచ్చు పథకమొకటి తప్పక ఉంచవలెనని శాసించినది. ఒక నెలలో ఆ తేదీ లేకున్న నెలాఖరు దినమునే తీసికొనవలెనన్నది నియమము. మొదటి పథకము కొలత, రెండవది క్యాలెండరు నడక. జావా లైబ్రరీలోని రెండు పేర్ల భేదమే ఇచ్చట ఇంటి ఖర్చులోనికి వచ్చినది.

తిరుమల ఉత్సవములు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము. శ్రీవారి సాలకట్ల బ్రహ్మోత్సవములు 2022లో సెప్టెంబరు 27న మొదలైనవి. మరుసటి యేడు సెప్టెంబరు 18న, ఆపై 2024లో అక్టోబరు 4న మొదలైనవి. మొదటి రెండింటి నడుమ 356 దినములు, తరువాతి రెండింటి నడుమ 382 దినములు. రెండింటిని మనము "ఒక సంవత్సరము" అనియే పిలుతుము! 2023లో శ్రావణము అధికమాసముగా వచ్చినది. అధికమాసపు సంవత్సరమున బ్రహ్మోత్సవములు రెండు పర్యాయములు జరుగుట అచ్చటి ఆచారము గనుక, అక్టోబరు 15న నవరాత్రి బ్రహ్మోత్సవములు కూడ ప్రారంభమైనవి. పోయిన యేటి తేదీకి 365 దినములు కలిపి సెలవు పెట్టుకొన్నవాడు కొండ చేరునప్పటికి ఉత్సవము ముగిసియైన నుండును, మొదలు కాకయైన నుండును. వ్యవధిని కూడుటచే ఉత్సవదినము తెలియదు, పంచాంగము చూడవలెను.

పంచాంగమున ఈ రెండు విధముల లెక్కలును ప్రక్కప్రక్కనే యుండుట గమనింపదగినది. ఘడియ యనగా 24 నిమిషములు, విఘడియ 24 సెకండ్లు. అహోరాత్రమునకు 60 ఘడియలు, 3600 విఘడియలు. ఇవి మారని కొలతలు. తిథి యట్టిది కాదు. చంద్రుడు సూర్యుని కంటె 12 డిగ్రీలు ముందునకు సాగుటకు పట్టు కాలమే తిథి. చంద్రుని వేగము మారుచుండుటచే అది ఒకప్పుడు సుమారు 19 గంటలు, మరొకప్పుడు సుమారు 26 గంటలు ఉండును. సూర్యోదయమును తాకకయే గడచిపోవు తిథి క్షయము, రెండు సూర్యోదయములను తాకునది వృద్ధి. అందుచేతనే పంచాంగకర్త తిథి పేరు వ్రాసి ఊరకుండక, అది యెన్ని ఘడియల వరకు ఉన్నదో ప్రక్కనే వ్రాయును. మారునది యేదో మారనిది యేదో విడదీసి, మారుదానిని మారని కొలతతో తెలుపుట ఆ పద్ధతి.

ఇక మూడవ సూత్రము: అంకె ప్రక్కన కొలత పేరు విడువరాదు. తిరుపతి నుండి చిత్తూరు పోవు దారిలో గాదంకియను ఊరు కలదు. 1992 నుండి అచ్చట ఒక గొప్ప రాడారు వాతావరణమును పరీక్షించుచున్నది. ఆ పరిశోధనాలయమునకు 2005లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలయని పేరు వచ్చినది. వరుసకు 32 చొప్పున 32 వరుసలలో, ఇండ్లపై టెలివిజన్ ఏరియళ్లను బోలిన 1024 ఏరియళ్లు అచ్చట నిలిచియున్నవి. 53 మెగాహెర్ట్స్‌లో రేడియో తరంగపు తునకలను ఆకాశమునకు పంపి, గాలి పొరలనుండి వచ్చు ప్రతిధ్వనిని వినుట దాని పని. పంపిన వేళకు, ప్రతిధ్వని వచ్చిన వేళకు గల వ్యవధియే ఎత్తును తెలుపును. తరంగము పోయి రావలెను గనుక ఒక్కొక్క మైక్రోసెకండునకు 150 మీటర్ల ఎత్తు. 67 మైక్రోసెకండ్లకు ప్రతిధ్వని వచ్చినచో గాలి పొర సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున నున్నది. అదే 67ను నానోసెకండ్లని పొరబడిన ఎత్తు 10 మీటర్లు, కొబ్బరిచెట్టంత. మిల్లీసెకండ్లని పొరబడినచో 10 వేల కిలోమీటర్లు! అంకె ఒకటే, కొలత పేరు మారుటచే గాలి పొర చెట్టు కొననైన చేరును, అంతరిక్షమునైన చేరును. పూర్వపు లైబ్రరీలు కొన్ని "పది యాగుము" అని మాత్రమే చెప్పనిచ్చెడివి. అది సెకండ్ల పదియో, మిల్లీసెకండ్ల పదియో ప్రోగ్రామరు జ్ఞాపకముంచుకొనవలసినదే. సి ప్లస్ ప్లస్ భాషకు 2011లో చేరిన క్రోనో అను లైబ్రరీ కొలత పేరును అంకెతో ముడివేసి, మార్పిడిని తానే చేయునట్లు ఏర్పరచినది.

నాలుగవ సూత్రము భిన్నములను గూర్చినది. ఇందలి పొరపాటు ప్రాణములనే తీసినది. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని డహ్రాన్ వద్ద అమెరికా సైనికుల బసపై ఇరాక్ ప్రయోగించిన స్కడ్ క్షిపణి పడి 28 మంది సైనికులు మరణించిరి. దానిని అడ్డవలసిన పేట్రియట్ యంత్రములోని కంప్యూటరు కాలమును సెకండులో పదవ వంతులుగా లెక్కించి, ఆ సంఖ్యను పదవ వంతుచే గుణించి సెకండ్లుగా మార్చుచుండెను. దశాంశములలో మూడవ వంతు 0.333 అని తెగక సాగునట్లే, కంప్యూటరు వాడు ద్విసంఖ్యామానమున పదవ వంతు తెగక సాగును. 24 స్థానముల వద్ద దానిని త్రుంచినందున ప్రతి పదవ వంతునకు సెకండులో కోటింట సుమారు ఒక వంతు లోటు వచ్చినది. ఆ యంత్రము నూరు గంటలు ఆగక నడచియుండెను. ముప్పదియారు లక్షల పదవ వంతులకు ఆ లోటు పేరుకొని 0.34 సెకండు అయినది. అంతలో స్కడ్ అర కిలోమీటరునకు మించి పోవును. యంత్రము వెదకిన చోట క్షిపణి లేకపోయినది. అందుచేతనే నేటి లైబ్రరీలలో పెక్కు భిన్నము జోలికి పోక, నానోసెకండ్లను, అనగా సెకండులో నూరు కోట్లవ వంతులను, పూర్ణసంఖ్యలుగా లెక్కించును. విఘడియలను పూర్ణసంఖ్యగా వ్రాయు పంచాంగకర్త జాగ్రత్తయే ఇది.

పూర్ణసంఖ్యకును ఒక హద్దు కలదు. పాత్ర ఎంతటిదో అంతయే పట్టును. 1970 నుండి సెకండ్లను 32 స్థానముల పాత్రలో పోసికొనుచున్న పాత కంప్యూటర్లలో 2,14,74,83,647 దాటిన పాత్ర పొంగిపోవును. అది 2038 జనవరి 19, మన వేళ ప్రకారము ఉదయము 8 గంటల 44 నిమిషముల 7 సెకండ్లు. ఆ మరు సెకండున అట్టి యంత్రము 1901వ సంవత్సరమునకు వెనుకకు దూకును. 64 స్థానముల పాత్రలో నానోసెకండ్లు పోసినను సుమారు 292 సంవత్సరములు పట్టును. మానవుని ఆయుర్దాయమునకు అది చాలును, దేవాలయ శాసనముల వయస్సునకు చాలదు. ఏ పనికి ఏ పాత్రయో ముందుగా తెలిసికొనుట లైబ్రరీ వాడువాని బాధ్యత.

కడపటి మాట గడియారమును గూర్చి. వ్యవధిని కొలుచుటకు గోడ గడియారము ఎల్లప్పుడు తగినది కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942లో, మన దేశమున గడియారములను ఒక గంట ముందునకు జరిపి, 1945లో మరల వెనుకకు జరిపిరి. ముందునకు జరిపిన రాత్రి పదింటికి పండుకొని అయిదింటికి లేచినవాడు ఏడు గంటలు నిద్రించితిననుకొనును, నిద్రించినది ఆరే. 2017 జనవరి 1న మన ఉదయము 5 గంటల 30 నిమిషములకు ముందు, భూభ్రమణముతో సరిపుచ్చుటకై ప్రపంచ గడియారములకు ఒక సెకండు అదనముగా చేర్చిరి. అందుచే కంప్యూటరులో రెండు గడియారములుండును. ఒకటి వేళ చెప్పునది, దానిని సవరింపవచ్చును. రెండవది పరుగుపందెపు స్టాప్‌వాచి వంటిది, ముందునకు పోవుటయే గాని వెనుకకు జరుగదు. వ్యవధిని రెండవ దానితోనే కొలువవలెను.

ఈ సూత్రములు ప్రోగ్రామర్లకు మాత్రమే పరిమితములు కావు. బ్యాంకు డిపాజిటు పత్రముపై "12 నెలలు" అని యున్నదో "365 దినములు" అని యున్నదో చూడుడు. వైద్యుడు "దినమునకు మూడు మాత్రలు" అన్నచో భోజనవేళలకా, ఎనిమిది గంటల కొకటి చొప్పుననా యని అడిగి తెలిసికొనుడు. కొలత పేరు లేని అంకెను నమ్మకుడు. వేళను పంచాంగము, గడియారము చెప్పును. వ్యవధిని మాత్రము ఒకటొకటిగా లెక్కపెట్టవలసినదే.